నడింటికి ఆకాశం చూపిన మేస్త్రి

మొన్న బుధవారం మేస్త్రి పోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా ఇళ్లు కడుతున్న మనిషి ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, పెద్దమేస్త్రి పోయిండు. రాత్రి మంచిగనే తిని పండుకున్నడు. పొద్దుగాల లేపితే లేవలే." నేనప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. ఒక పిల్ల ప్లేటుకు మూడుసార్లు వడ్డించానట, పక్క పిల్లకు అసలు పెట్టలేదట. ఆయమ్మ నా చేతిలో గరిటె తీసుకుని నన్ను ఇంటికి పంపించింది.

నాకు నోరెక్కువని మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు. నడింట్లోకి పోయి మంచం పక్కన నిలబడ్డాను. మా ఆయన నా ముఖం చూసి "ఎవరు?" అన్నాడు. "మేస్త్రన్న" అన్నాను. ఆయన పైకప్పు వైపు చూశాడు. తర్వాత "నన్ను తీస్కపో" అన్నాడు.

మా ఆయన నడుము కింద చచ్చుబడిన మనిషి. ఎనిమిదేళ్లుగా మంచమే లోకం. ఆ ఎనిమిదేళ్లలో దవాఖానాకు తప్ప గడప దాటలేదు. దాటిద్దామంటే ఒప్పుకోలేదు కూడా. తనను ఆ స్థితిలో నలుగురూ చూడడమంటే ఆయనకు చావుతో సమానం. అలాంటి మనిషి పట్టపగలు జనంలోకి వస్తానన్నాడంటే, ఆ పోయినాయన ఎవరో మీకు చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మాది పాల్వంచ. మా ఆయన ట్రాక్టర్ నడిపేవాడు. ఒకనాడు ఇసుక లోడుతో వస్తుంటే బండి బోల్తా పడింది. ఖమ్మంలో రెండు నెలలు దవాఖానాలో ఉండి ఇంటికి వచ్చాం. ప్రాణం మిగిలిందని మా చర్చి సంఘంవాళ్లు మా ఇంట్లోనే కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. ఆ ప్రార్థనకు వచ్చినవాళ్లందరూ వరుసగా వచ్చి కాళ్ల వైపు చూసి నిట్టూరుస్తుంటే, ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు.

మా ఇల్లు రైలుపెట్టె లాంటిది. వీధి వైపు ముందర్ర, మధ్యలో నడిల్లు, వెనక వంటగది. అటు గోడా ఇటు గోడా పక్కిళ్లవాళ్ల గోడలకు అంటుకుని ఉంటాయి. ఇల్లు కట్టినప్పుడు నడింట్లో బియ్యం బస్తాలు, బీరువా పెట్టుకుందామనుకున్నాం కాబట్టి కిటికీ గురించి ఎవరం ఆలోచించలేదు. పెట్టాలన్నా గోడ ఎక్కడుంది? మా ఆయనను మొదట ముందర్రలోనే పడుకోబెట్టాను. దారిన పోయేవాళ్లు తొంగిచూస్తున్నారని వారం తిరక్కుండానే గొడవ పెట్టాడు. "నన్ను నడింట్లో పడెయ్. తలుపు మూసెయ్" అన్నాడు. పడేశాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

నడింట్లో పట్టపగలు కూడా బల్బు వెయ్యాలి. కరెంటు సంగతి ఆ రోజుల్లో మీకు తెలుసు, ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. కొన్నాళ్లకు బల్బు కూడా వద్దన్నాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిండి పెడితే రెండు ముద్దలు, అదీ అత్తమ్మ ఏడిస్తే. పొద్దున లేపితే "ఇంకా తెల్లారలే" అనేవాడు, మధ్యాహ్నం అన్నం పెడితే "రాత్రయిందా" అనేవాడు. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. కాదు. నిజంగానే తెలియడం లేదు. మనిషి నా కళ్ల ముందే కొంచెం కొంచెం పోతున్నాడు, నేను అంగన్‌వాడీకి పోయి పిల్లలకు పాటలు నేర్పి వస్తున్నాను.

మేస్త్రి మా ఇంటికి పని మీద రాలేదు. పక్కింటి పిన్నిగారి డాబా మీద పిట్టగోడ కడుతూ, మంచినీళ్లు అడగడానికి వచ్చాడు. భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఆయన ఊరు. పొట్టి మనిషి, యాభై దాటి ఉంటాయి, తలకు సిమెంటు మరకల తువ్వాలు. చెంబు అందుకుని గడప బయటే నిలబడి తాగుతున్నాడు. లోపలి నుంచి మా ఆయన గొంతు వినబడింది. "ఏమేవ్, ఇప్పుడు పొద్దున్నా, మాపా?"

పదకొండు గంటలైంది. వీధిలో ఎండ చురుక్కుమంటోంది.

మేస్త్రి తాగడం ఆపేశాడు. "లోపట ఎవరు చెల్లె?" అన్నాడు. చెప్పాను. నాకు జాలిపడేవాళ్లంటే అప్పటికే ఒళ్లు మంట. ఈయన కూడా 'అయ్యో పాపం' అంటాడు, నాలుగు దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ మాట అనలేదు. చెంబు నా చేతికిచ్చి, పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, "ఒకసారి అర్ర చూడొచ్చా?" అన్నాడు.

లోపలికి వచ్చి చీకట్లో కాసేపు నిలబడ్డాడు. తర్వాత మా ఆయనతో, "తమ్ముడూ, జర జరగరాదు, నేను గిట్ల పండుకుంట" అన్నాడు. మా ఆయనకు కోపం వచ్చింది. "ఎందుకు? నువ్వేమన్న డాక్టరువా?" అన్నాడు.

"కాదు, మేస్త్రిని. ఇల్లు కట్టేటోడు నిలబడి చూస్తడు. ఉండేటోడు పండుకొని చూస్తడు. మేం ఆడనే తప్పు చేస్తం" అన్నాడాయన.

అది ఆయన పద్ధతి అని తర్వాత తెలిసింది. ఏ ఇంటికి పోయినా, ఏ గదికి పని చెప్పినా, మొదట అడిగేది "ఆ అర్రల ఎవరుంటరు?" అని. ముసలమ్మ కూర్చునే చోటైతే తను కూర్చుని చూసేవాడు, వంట చేసే చోటైతే పొయ్యి ముందు నిలబడి చూసేవాడు. కొలతల టేపు ఆ తర్వాతే బయటికి తీసేవాడు. మా ఆయన కాదనలేక కొంచెం జరిగితే, ఆ నవారు మంచం మీద ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు. నేను తలుపు దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"పైన ఏమి కనపడ్తది తమ్ముడూ?"

"ఏముంటది? స్లాబు."

"స్లాబు మీద?"

మా ఆయన పైకి చూస్తూనే, "ఏమో" అన్నాడు.

"ఆకాశం ఉన్నది" అన్నాడు మేస్త్రి. లేచి కూర్చుని నా వైపు తిరిగాడు. "చెల్లె, గోడలకు జాగ లేకుంటే నెత్తికి ఉన్నది కద. మా ఊళ్ల పెంకుటిండ్లకు నడుమల ఒక గాజు పెంకు ఏస్తం. స్లాబుకు గూడ ఏసుకోవచ్చు. పట్నంల స్కైలైటు అంటరు. ఇంటోళ్లను అడిగి చెప్పు."

అడిగాను. అడగ్గానే ఇంట్లో అసెంబ్లీ మొదలైంది. అత్తమ్మ వేంసూరు మనిషి, ఆమెకు వానంటే భయం. "సుబ్బరంగా ఉన్న స్లాబుకి బొక్క పెట్టుకుంటారా? రేపు వానొస్తే వాడి మంచం కింద బిందెలు పెట్టుకోవాలా?" అంది. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీది నుంచే తీర్పు చెప్పారు. "నడింటికి బొక్క పెడితే ఇల్లు నిలవదమ్మా. రాడ్లు తెగుతయి. దొంగలు దిగుతరు. మిరపకాయలు ఎండబోయడానికి నేను డాబా ఎక్కితే మీ మంచం కనపడ్తది, నాకెందుకా పాపం?" మా అన్న బోనకల్ నుంచి ఫోన్ చేసి, "అద్దం పగిలి బావ మీద పడితే?" అన్నాడు. నా భయాలు నాకున్నాయి. మా ఊళ్లో కోతుల మంద ఎండాకాలం వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది, ఇక పైన దారి చూపిస్తే చెప్పాలా? పైగా మా ఎండలకు ఆ అద్దం కింద మనిషి అప్పడంలా వేగిపోడా?

మర్నాడు మేస్త్రి వస్తే అన్నీ ఆయన ముఖాన గుమ్మరించాను. ఏ ఒక్కదానికీ నవ్వలేదు. ముందర్ర గచ్చు మీద కూర్చుని, ఒక్కొక్క భయానికి ఒక్కొక్క ఇటుక ముక్క పక్కన పెట్టుకున్నాడు. వాన ఒక ముక్క, కోతులు ఒక ముక్క, దొంగలు, ఎండ, రాడ్లు, పిన్నిగారి కళ్లు, పగిలే అద్దం. ఏడు ముక్కలు.

"అన్నీ సరైన భయాలే. ఒక్కటి గూడ ఉత్తది కాదు. ఒక్కోదానికి పని చేసి, ఒక్కో ముక్క బయట పారేస్త. అన్ని పారేసినంక అద్దం పెడ్త. ఒక్కటి మిగిలినా పెట్టను" అన్నాడు.

పారేశాడు కూడా. పని జరిగిన ఆ పది రోజులూ ఆ ముక్కలు ముందర్ర కిటికీ గూట్లో వరుసగా ఉన్నాయి. అత్తమ్మ రోజూ సాయంత్రం లెక్కపెట్టుకునేది.

అసలు చిక్కు మా ఆయనతో వచ్చింది. స్లాబు కొడుతుంటే ఆ గదిలో ఉండలేడు. ముందర్రలోకి మార్చాలి. విరిగిన కాంక్రీటు మోయడానికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంచాలి. "నేను రాను. నా మీదనే పడనీ" అన్నాడు. నేను అరిచాను, అత్తమ్మ ఏడ్చింది, లాభం లేదు. మేస్త్రి వచ్చి మంచం కోడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"తమ్ముడూ, ట్రాక్టర్ నడిపినోడివి. నీ చూపు సక్కగుంటది. నేను పైన ఉంట, నా పోరలకు కింద చూసే తెలివి లేదు. నువ్వు చెప్పకుంటే పని వంకరైతది. ముందర్రల ఉండు, గీ తలుపుల నుంచి చూసి చెప్పు. నీ కోసం కాదు, నా పని కోసం అడుగుతున్న."

మా ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. నాలుగు నెలల్లో ఎవరైనా ఆయనను ఒక పని అడగడం అదే మొదటిసారి. అందరం 'నీకేం కావాలి' అని అడిగినవాళ్లమే. నేను కూడా.

పని మొదలుపెట్టే రోజు మేస్త్రి, "మీరు మీ ప్రార్థన చేస్కోండ్రి. నేను మా అడివి తల్లికి మొక్కుకుంట" అన్నాడు. మేం కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాం, ఆయన డాబా మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, ఇంటికి దండం పెట్టి సుత్తి అందుకున్నాడు. కింద స్లాబుకు కర్రలు దన్ను పెట్టారు. పెద్ద రాడ్లు తెగకుండా, వాటి సందు చూసి కొట్టారు. మా ఆయన ముందర్ర మంచం మీద నుంచి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని చూస్తున్నాడు. వీధి తలుపు తెరిచే ఉంది. ఒకరిద్దరు తొంగిచూశారు. ఆయన ఆ సంగతి గమనించనే లేదు, పైకి చూస్తూ అరుస్తున్నాడు. "ఎడమకు! ఎడమకు కొట్టన్నా, మంచం జాగ మధ్యకు రాలే!"

మొదట చిన్న బెజ్జం పడింది. దుమ్ములో నుంచి వేలంత వెలుగు కిందికి దిగింది. ఆ బెజ్జంలో నుంచి మేస్త్రి, గోడ నిలువు చూసే దారం గుండు వదిలాడు. "ఏడ పడ్డదో చెప్పు తమ్ముడూ!" అని పైనుంచి కేక. మా ఆయన ముక్కు మీది తువ్వాలు లాగేశాడు. "సరిగ్గ నా మంచం ఉండే జాగల్నే అన్నా" అన్నాడు.

వాన ముక్క పారేయడానికి మూడు రోజులు పట్టింది. బొక్క చుట్టూ మోకాలెత్తు గోడ లేపి, అద్దం కోసం దాని మీద ఏటవాలుగా చట్రం బిగించాడు. తర్వాత డాబా మీద చుట్టూ మట్టికట్ట కట్టి, బిందెలతో నీళ్లు పోయించి, చెరువులా నిలబెట్టాడు. "నీళ్లు యాడికెళ్లి వస్తయో మనకు తెల్వది. నీళ్లకు తెలుసు. వాటినే అడగాలె" అనేవాడు. రెండో రోజు ఒక మూల సన్నని తడి కనిపించింది. నాకైతే కనిపించలేదు, ఆయన వేలితో తడిమి పట్టుకున్నాడు. ఆ మూల మొత్తం ఊడగొట్టి మళ్లీ కట్టాడు. మళ్లీ చెరువు. ఈసారి అత్తమ్మ స్వయంగా తన పొడి చీర కొంగుతో నాలుగు మూలలూ ఒత్తి చూసి, గూట్లో నుంచి ఇటుక ముక్క తీసి వీధిలోకి విసిరేసింది.

కోతులకూ దొంగలకూ కలిపి అద్దం కింద ఇనుప గ్రిల్లు. పగిలినా రాలకుండా లోపల తీగ ఉన్న అద్దం. పిన్నిగారి కళ్ల కోసం మసక అద్దం వేద్దామా అని నన్ను కాదు, మా ఆయనను అడిగాడు. మా ఆయన ఆలోచించి, "పిన్నిని చూడనీ. నాకు ఆకాశం కనపడాలె" అన్నాడు. ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మంచం మళ్లీ నడింట్లోకి వచ్చిన రోజు చలికాలపు ఉదయం. వెలుగు గదంతా పాలలా పరుచుకుంది. గోడకు ఎంత బూజు పట్టిందో అప్పుడు చూశాను, నాకే సిగ్గేసింది. మా ఆయన పైకి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి ఒక కోతి వచ్చి అద్దం మీద కూర్చుంది. వెచ్చగా ఉందేమో, కదల్లేదు. బేరమాడే కూరగాయలమ్మలా మెడ వంచి కిందికి, ఈయన వైపు చూసింది. ఈయన దాన్ని చూశాడు. తర్వాత నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. అత్తమ్మ ప్రార్థన పుస్తకం పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఏందిరా, ఏమైంది?" అంటే, "అమ్మా, గా కోతి అచ్చం మన పిన్ని లెక్కనే చూస్తుందే" అన్నాడు. (పిన్నిగారు ఇది చదవరని నా నమ్మకం.)

ఆ రోజు నుంచి ఆయనకు పొద్దు తెలిసింది. "ఎనిమిదయింది, నువ్వింకా పోలేదా?" అని నన్నే తరమడం మొదలుపెట్టాడు.

మేస్త్రి దేవుడేం కాదు. ఒక తప్పు చేశాడు, అది కూడా రాస్తాను. రాయకపోతే ఆయనే ఒప్పుకోడు. ఆ ఏడు మే నెలలో అత్తమ్మ చుట్టాల పెళ్లికి వేంసూరు పోయింది. నేను మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వచ్చి చూస్తే, నెత్తి మీది సూర్యుడు అద్దంలో నుంచి తిన్నగా మంచం మీద ఉన్నాడు. మా ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది. పరుపు చెమటతో తడిసి ముద్దయింది. ఎండ తప్పించుకునేంత దూరం తనంతట తాను జరగలేడు. మంచం లాగి, తడిబట్ట వేసి, నీళ్లు తాగించి, ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టాను. గోడ అవతల పిన్నిగారు ఉన్నారు, ఒక్క కేక వేస్తే వచ్చేవారు కదా, ఎందుకు పిలవలేదు అని.

"పిలిస్తే మూసేస్తరేమోనని" అన్నాడు.

చీకట్లో పడెయ్ అన్న మనిషి, వెలుగు పోతుందేమోనని గంటసేపు ఎండలో మాడాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

మేస్త్రికి కబురు పెట్టాను. రెండు బస్సులు మారి మర్నాడే వచ్చాడు. పదకొండున్నరకు ఆ మంచం మీద, సరిగ్గా ఆ చోటే పడుకున్నాడు. నేను వద్దన్నా లేవలేదు. ఒంటిగంట దాకా ఆ ఎండ మొత్తం ముఖం మీద పడనిచ్చాడు. లేచేసరికి ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అప్పటికి పిన్నిగారు కూడా వచ్చి, "నేను చెప్పలేదా" అన్నట్టు నిలబడి ఉన్నారు. ఆవిడ ముందే అన్నాడు.

"తప్పు నాదే అమ్మా. చలికాలం సూర్యుణ్ణి చూసి ఎండకాలానికి పని చేసిన. మా ఊళ్ల గాజు పెంకు మీద ఇప్పచెట్టో, మద్దిచెట్టో ఉంటది. నీడ చెట్టు ఇస్తుంటే నా పనితనం అనుకున్న. గీడ చెట్టు లేదని చూడలే."

చివరగా పారేసిన ఇటుక ముక్క, ఎండ ముక్క, తనే తొందరపడి పారేశాడట. వీధిలోకి పోయి ఎక్కడి నుంచో ఒక ఇటుక ముక్క ఏరుకొచ్చి మళ్లీ గూట్లో పెట్టాడు. నాకు తెలిసిన చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తమ తప్పును నలుగురి ముందు గూట్లో పెట్టినవాణ్ణి ఈయననొక్కణ్ణే చూశాను.

అద్దం మూసేస్తాడేమోనని మా ఆయన బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. మేస్త్రి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మూయ. తిప్పుత" అన్నాడు. దక్షిణం వైపు గోడ ఇంకా ఎత్తు లేపి, నెత్తి మీది ఎండ తగలకుండా పైన చజ్జా దించి, అద్దాన్ని ఉత్తరం వైపు వాల్చాడు. పక్కల వేడిగాలి పోవడానికి జాలీలు పెట్టాడు. ఎండ ఆగింది, వెలుగు ఆగలేదు. ఆ తర్వాత ఏడు ఎండాకాలాలు పోయాయి, ఆ మంచం మీద మళ్లీ ఎండ పడలేదు.

వెలుగొచ్చాక మా ఆయన చేతులు ఊరుకోలేదు. ట్రాక్టర్ విప్పి బిగించిన చేతులు కదా. మొదట మా టేబుల్ ఫ్యాన్, తర్వాత పిన్నిగారి మిక్సీ. పొట్ట మీద పలక పెట్టుకుని పడుకునే విప్పుతాడు, పడుకునే బిగిస్తాడు. ఇప్పుడు మా నడింట్లో కాలు పెట్టడానికి ఉండదు, వీధి వీధంతటి ఫ్యాన్లూ మా ఇంట్లోనే. అయితే ఇచ్చేవాళ్లతో మాట్లాడేది నేనే. ఆయన తలుపు చాటునే ఉండేవాడు. వెలుగులోకి వచ్చాడు గానీ జనంలోకి రాలేదు.

మేస్త్రి ఇటు పని మీద వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. ముందు డాబా ఎక్కి తన తువ్వాలుతోనే అద్దం తుడిచేవాడు. "అద్దానికి గూడ రోజు మొఖం కడగాలె చెల్లె. పెట్టించుకొని మర్సిపోతే మళ్ల చీకటే" అని నాకు చివాట్లు. తర్వాత కాళ్లు కడుక్కుని నడింట్లోకి వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని, తను చెయ్యబోయే పని చెప్పేవాడు. సత్తుపల్లిలో ఒకాయన ఇల్లంతా అద్దాల కప్పు వెయ్యమంటే, "ఆ అర్రల ఎవరుంటరు?" అని అడిగాడట. ఎవరూ ఉండరు, అందానికి అన్నాడట ఆయన. "మరి ఎవరి కోసం తుడుస్తవు?" అని పని వదిలేసి వచ్చాడు. నడింట్లో అమ్మ ఉంటుందనో, కుట్టుమిషన్ తొక్కే పిల్ల ఉంటుందనో చెప్తే మాత్రం, బస్సు లేకపోయినా సైకిల్ మీద పోయేవాడు. ఎక్కడ బొక్క కొట్టాలో, ఎండ ఎటు నుంచి వస్తుందో మా ఆయనను అడిగేవాడు. ఇద్దరూ సుద్దముక్కతో పలక మీద గీతలు గీసుకునేవాళ్లు. మేస్త్రి మొహమాటానికి అడుగుతున్నాడనుకునేదాన్ని. కాదని మొన్న తెలిసింది.

మొన్న ట్రాలీ ఆటో మాట్లాడి, పరుపు వేసి, మా ఆయనను ఎక్కించాం. ముఖం మీద కండువా కప్పబోతే నా చెయ్యి తోసేశాడు. బజారు మధ్య నుంచే పోయాం. కూరగాయల దగ్గర నలుగురు, బస్టాండు దగ్గర పదిమంది తిరిగి చూశారు. ఆయన ఒక్కొక్కరినీ గుర్తుపట్టి పేరు పెట్టి పలకరించాడు. వాళ్లే తడబడ్డారు.

ఊరు చేరేసరికి పాడె లేచింది. మా ఆటో వెనకే పోయింది. మేస్త్రి భార్య నడుస్తున్నదల్లా ఆగి, ఆటోలోకి చూసి, "నువ్వేనా ఆ అద్దం కింది తమ్ముడివి?" అంది. "మా ఇంటాయన ఏ పని పట్టినా, 'పాల్వంచల మా తమ్ముడిని అడిగి వస్త, పండుకొని చూసేటోడికే తెలుస్తది' అనేటోడు. జొరంతోటి మూలుగుతున్నా నీ కాడికి అంటే లేచేటోడయ్యా."

వాళ్ల ఊరికీ శ్మశానానికీ నడుమ, చెట్ల కింద పాడె దించారు. దింపుడు కళ్లం. పోయినవాళ్ల చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని. మా సంఘంలో ఆ పద్ధతి లేదు. పెద్దమనిషి ఒకాయన పిలవడానికి వంగబోతే మేస్త్రి భార్య ఆపింది. "నా గొంతుకు లేవలే పొద్దుగాల. ఈ తమ్ముణ్ణి పిలవనీయుండ్రి" అంది.

నలుగురు కలిసి మా ఆయనను ఆటోలో నుంచి దింపి, పాడె పక్కన చాప మీద పడుకోబెట్టారు. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. మా ఆయన మోచేతి మీద లేచి మేస్త్రి చెవి దగ్గర నోరు పెట్టాడు. "అన్నా" అన్నాడు, నాకే సరిగా వినబడలేదు. రెండోసారి "మేస్త్రన్నా" అన్నాడు. మూడోసారి గొంతెత్తి పిలిచాడు.

"ఇగ లేపుండ్రి" అన్నాడు పెద్దమనిషి. మోసేవాళ్లు వంగారు. మా ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. వాళ్లు ఆగిపోయారు. ఆయన కొంచెం ముందుకు జరిగి, తన చెవి తెచ్చి మేస్త్రి పెదాల దగ్గర పెట్టి, వింటూ ఉన్నాడు.